పిస్టల్ మీద ఎర్ర చుక్క: ఎంతకాలం నిలుస్తుంది, ఎంత విలువ చేస్తుంది?

సినిమాల్లో తరచూ కనిపించే దృశ్యమే. విలన్ చొక్కా మీద ఒక ఎర్ర చుక్క వచ్చి వాలుతుంది. ఎదురు మేడ మీద ఎవరో గురిపెట్టి కూర్చున్నారని ప్రేక్షకులకు అర్థమవుతుంది. ఆ చుక్క లేజర్ కిరణం వల్ల వచ్చింది. ఈ వ్యాసంలో మాట్లాడుకునే ‘రెడ్ డాట్ సైట్’ అది కాదు. దీనిలోని ఎర్ర చుక్క ఎదుటి వస్తువు మీద పడనే పడదు. గురి చూసే మనిషి కంటికి మాత్రమే, చిన్న అద్దంలోంచి చూసినప్పుడు మాత్రమే కనిపిస్తుంది.

అగ్గిపెట్టెకు కాస్త అటూఇటూగా ఉండే ఈ పరికరం బరువు సాధారణంగా 30 నుంచి 60 గ్రాములు. ముందుగా రైఫిళ్ల మీదకు వచ్చింది. గత పదిహేనేళ్లలో, ముఖ్యంగా అమెరికాలో, పోలీసుల పిస్టళ్ల మీదకూ చేరింది. అక్కడి దుకాణాల్లో 100 డాలర్లకు ఒకటి దొరుకుతుంది. పక్కనే అదే ఆకారంలో ఉన్న ఇంకొకటి 500 డాలర్లు పలుకుతుంది. రెండింటినీ చేతిలోకి తీసుకుని మీట నొక్కితే రెండింటిలోనూ ఒకే రకమైన ఎర్ర చుక్క వెలుగుతుంది. మరి అయిదు రెట్లు ఎందుకు చెల్లించాలి?

ఒక్క మాటలో చెప్పాలంటే, చుక్కను వెలిగించడం తేలిక. వేల దెబ్బలు తిన్నాక కూడా దాన్ని వెంట్రుకవాసి కదలకుండా ఉంచడమే కష్టం. ధరలో పెద్ద భాగం ఆ రెండో పనికే పోతుంది. అదెలాగో చూద్దాం.

బేగంపేట దూరదర్శినికి చుట్టమే

ఈ పరికరం వెనుక ఉన్న ఆలోచన వయసు 120 ఏళ్లు దాటింది. దాన్ని 1900లో పేటెంట్ చేసినవారు ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు చెందిన సర్ హోవర్డ్ గ్రబ్. ఆయన తుపాకుల తయారీదారు కాదు. దూరదర్శినులు తయారుచేసేవారు.

గ్రబ్ పేరు హైదరాబాద్ ఖగోళ చరిత్రలోనూ ఉంది. నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేసిన నవాబ్ జాఫర్ జంగ్ 1901లో ఇంగ్లండ్ నుంచి తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని గ్రబ్ సంస్థ తయారుచేసిందే. బేగంపేటలోని అబ్జర్వేటరీలో అది 1922లో పనిలోకి వచ్చింది. నక్షత్రాల నుంచి వచ్చే కాంతి కిరణాలు మనల్ని చేరేసరికి దాదాపు సమాంతరంగా ఉంటాయి. వాటిని కటకంతో ఒక బిందువు దగ్గరకు చేర్చడం దూరదర్శిని పని. గ్రబ్ గురి పరికరంలో ఇదే పని తిరగబడింది. ఒక బిందువు దగ్గర పుట్టిన కాంతిని సమాంతర కిరణాలుగా మార్చి కంటికి పంపడమే దాని సూత్రం.

పాఠశాలలో చదువుకున్న పుటాకార దర్పణాన్ని గుర్తు చేసుకోండి. దాని నాభి దగ్గర చిన్న దీపాన్ని ఉంచితే, దర్పణం మీద పడి వెనక్కి మళ్లిన కిరణాలు సమాంతరంగా ప్రయాణిస్తాయి. కంటికి అవి ఎంతో దూరం నుంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. ఆ దీపం కళ్ల ముందు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నా, దాని మిథ్యా ప్రతిబింబం ఆకాశంలో చుక్కలా, అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది.

రైల్లో వెళ్తున్నప్పుడు దగ్గరి తాటిచెట్లు వెనక్కి పరుగెడతాయి. చంద్రుడు మాత్రం మనతోపాటే వస్తున్నట్టు ఉంటాడు. చంద్రుడు చాలా దూరంలో ఉండడమే దానికి కారణం. మనం పక్కకు జరిగినా ఆ దిశ మారదు. రెడ్ డాట్ సైట్‌లోని చుక్క కూడా ఈ చంద్రుడి లాంటిదే. తల కాస్త పక్కకు జరిగితే అద్దంలో చుక్క కూడా పక్కకు జరుగుతుంది. అది చూపే దిశ మాత్రం మారదు. అందుకే చుక్క అద్దం మధ్యలో లేకపోయినా, అది లక్ష్యం మీద ఉంటే చాలు, గురి సరిగ్గా ఉన్నట్టే లెక్క. నిజమైన పరికరాల్లో అద్దం అంచుల దగ్గర కొద్దిపాటి తేడా మిగిలిపోతుంది. ఆ తేడాను తగ్గించడానికి మేలైన పరికరాల్లో అద్దం వంపును జాగ్రత్తగా చెక్కుతారు, లేదా రెండు పొరల కటకాలను అతికిస్తారు. ధరలో తేడాకు అది మొదటి కారణం.

కంటికి తప్పిన తిప్పలు

మామూలు పిస్టల్‌కు రెండు లోహపు గుర్తులు ఉంటాయి. వెనుక గాడి, ముందు చిన్న మొలక. గాడి మధ్యలోంచి మొలకను చూస్తూ, ఆ మొలకను లక్ష్యానికి సూటిగా పెట్టాలి. అంటే కంటి ముందు మూడు వేర్వేరు దూరాల్లో మూడు వస్తువులు ఉంటాయి. కన్ను ఒకేసారి ఒక దూరం మీదే స్పష్టంగా నిలవగలదు. చేయి చాచి బొటనవేలును చూడండి, వెనకాల గోడ మీది క్యాలెండర్ మసకబారుతుంది. క్యాలెండర్‌ను చూడండి, వేలు మసకబారుతుంది.

ఒలింపిక్ పిస్టల్ క్రీడాకారులు ఏళ్ల తరబడి సాధన చేసేది ఈ ఇబ్బందిని గెలవడానికే. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య నియమాల ప్రకారం పిస్టల్ పోటీల్లో కటకాలతో కూడిన గురి పరికరాలు వాడకూడదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ గెలిచిన రెండు కాంస్యాలూ, అదే ఒలింపిక్స్‌లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ పోటీలో పాల్గొన్నదీ ఈ లోహపు గుర్తులతోనే. ముందు మొలక మీద చూపు నిలిపి, లక్ష్యాన్ని మసకగా ఉండనివ్వడం వారు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి.

నలభై దాటాక చత్వారం వచ్చినవారికి ఈ పని మరింత కష్టం. చాచిన చేతి దూరంలో ఉన్న మొలకే మసకబారుతుంది. రెడ్ డాట్ సైట్‌లో ఆ గొడవ లేదు. చుక్క దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి, లక్ష్యం మీద చూపు నిలిపితే చుక్క కూడా దానితోపాటే స్పష్టంగా ఉంటుంది. రెండు కళ్లూ తెరిచే ఉంచవచ్చు. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి మాత్రం చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలాగో, చెదిరిన నక్షత్రంలాగో కనిపిస్తుంది. పరికరం పాడైందని చాలామంది పొరబడతారు. అద్దంలోంచి ఫోన్ కెమెరాతో ఫొటో తీస్తే, అందులో చుక్క గుండ్రంగానే ఉంటే, లోపం పరికరంలో కాక కంట్లో ఉందని తెలుస్తుంది.

దీపం నుంచి ఎల్‌ఈడీ దాకా

గ్రబ్ ఆలోచన ముందుగా విమానాల్లో వాడుకలోకి వచ్చింది. 1918లో జర్మన్ యుద్ధ విమానాల్లో దాన్ని ప్రయోగించి చూశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పైలట్ కళ్ల ముందు వెలిగే గురి గుర్తు మామూలు విషయమైంది. నేటి యుద్ధ విమానాల్లోని హెడ్-అప్ డిస్‌ప్లే దాని వారసత్వమే. మన తేజస్ విమానానికి అలాంటి డిస్‌ప్లేను చండీగఢ్‌లోని సీఎస్ఐఆర్ ప్రయోగశాల సీఎస్ఐఓ రూపొందించింది. ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల టెలిస్కోపులకు ఉండే ఎర్ర చుక్క ఫైండర్ కూడా ఇదే కుటుంబానిది.

విమానంలో విద్యుత్తుకు కొరత ఉండదు కాబట్టి అక్కడ మామూలు బల్బు సరిపోయింది. చేతిలోని తుపాకీకి అది కుదరదు. ఆ లోటును ఎల్‌ఈడీ తీర్చింది. 1974లో స్వీడన్‌లో ఏర్పడిన ఎయిమ్‌పాయింట్ సంస్థ 1975లో ఎల్‌ఈడీతో పనిచేసే తొలి రెడ్ డాట్ సైట్‌ను అమ్మకానికి తెచ్చింది. దర్పణం స్థానంలో, ఎర్ర కాంతిలోని సన్నని పట్టీని మాత్రమే వెనక్కి మళ్లించి మిగతా రంగులను దాటనిచ్చే పూత పూసిన గాజును వాడతారు. అందుకే గాజులోంచి లోకం కాస్త నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది.

చుక్క పరిమాణాన్ని కోణంలో చెబుతారు. ఒక డిగ్రీలో 60వ వంతు కొలమానం. దీన్ని కోణ నిమిషం అందాం. ఆకాశంలో చంద్రబింబం వెడల్పు సుమారు 30 కోణ నిమిషాలు. పిస్టల్ సైట్లలో సాధారణమైన 3 కోణ నిమిషాల చుక్క చంద్రుడి వెడల్పులో పదో వంతు. 25 మీటర్ల దూరంలో అది సుమారు 2.2 సెంటీమీటర్లను కప్పుతుంది.

ప్రతి తూటాకూ మూడు దెబ్బలు

రైఫిల్ మీద ఉన్న సైట్‌కు, పిస్టల్ మీద ఉన్న సైట్‌కు పెద్ద తేడా ఉంది. రైఫిల్ పేలినప్పుడు మూడు నాలుగు కిలోల తుపాకీ అంతా కలిసి వెనక్కి తంతుంది. సైట్ దానితోపాటు నెమ్మదిగా కదులుతుంది. ఆధునిక పిస్టల్‌లో అలా కాదు. పైనున్న ఉక్కు భాగం, అంటే స్లైడ్, ప్రతి తూటాకూ వేగంగా వెనక్కి జారి, ఖాళీ గుండును బయటికి విసిరి, కొత్త తూటాను ఎత్తుకుని ముందుకు వచ్చి కొట్టుకుంటుంది. 1990ల నాటి పోటీ పిస్టళ్లలో సైట్‌ను కదలని చట్రానికి బిగించేవారు. పరికరం పెద్దదిగా ఉండేది, ఒరలో పట్టేది కాదు. రోజూ నడుముకు పెట్టుకునే పిస్టల్‌కు పనికిరావాలంటే సైట్ చిన్నది కావాలి, స్లైడ్ మీదే కూర్చోవాలి. 2009లో ట్రైజికాన్ సంస్థ తెచ్చిన ఆర్‌ఎంఆర్ వంటి చిన్న సైట్లు దీన్ని సాధ్యం చేశాయి. 2015లో గ్లాక్ సంస్థ స్లైడ్ మీద సైట్‌కు గాడి చెక్కిన పిస్టళ్లను తెచ్చింది. 2017లో అమెరికా సైన్యం ఎంచుకున్న ఎం17 పిస్టల్‌లోనూ ఆ ఏర్పాటు ఉంది.

స్లైడ్ మీద కూర్చోవడం అంటే ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. ఎనిమిది గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో బయటపడితే దాని ద్రవ్యవేగం సెకనుకు 2.8 కిలోగ్రామ్ మీటర్లు. అంతే ద్రవ్యవేగం వెనక్కి, అరకిలో బరువుండే స్లైడ్-గొట్టం జంటకు అందుతుంది. అంటే ఆ జంట వేగం సెకనుకు 5.6 మీటర్లు. తూటా గొట్టంలో ఉండేది సెకనులో రెండువేలవ వంతు. అంత తక్కువ సమయంలో ఈ వేగం రావాలంటే త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 1,100 రెట్లు ఉండాలి. ఇది సగటు మాత్రమే, గరిష్ఠం ఇంకా ఎక్కువ.

పోలికకు, ఒక మీటరు ఎత్తు నుంచి ఫోన్ బండల మీద పడి, సెకనులో వెయ్యో వంతులో ఆగిపోయిందనుకుందాం. అది తినే దెబ్బ సుమారు 450 రెట్లు. అంటే పిస్టల్ మీది సైట్ ప్రతి తూటాకూ అంతకు రెట్టింపుకు మించిన దెబ్బ తింటుంది. అక్కడితో అయిపోదు. స్లైడ్ వెనక్కి చివరిదాకా వెళ్లి ఆగినప్పుడు రెండో దెబ్బ, ముందుకు వచ్చి కొట్టుకున్నప్పుడు మూడో దెబ్బ. ఇరవై వేల తూటాలంటే అరవై వేల దెబ్బలు.

బరువు లెక్కలో చూస్తే, 30 గ్రాముల సైట్ ఆ క్షణంలో 34 కిలోల బరువున్నట్టు లాగుతుంది. ఇంట్లోకి తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తా కంటే ఎక్కువ. దాన్ని పట్టి ఉంచేవి సాధారణంగా రెండు చిన్న మరలు.

వెంట్రుకలో మూడో వంతు

ఈ దెబ్బలకు సైట్ పగిలిపోతే వెంటనే తెలుస్తుంది. అసలు ప్రమాదం పగలకుండా కాస్త కదలడంలో ఉంది. చుక్క వెలుగుతూనే ఉంటుంది, చూపే దిశ మాత్రం తప్పు.

ఎల్‌ఈడీకి, అద్దానికి మధ్య నాభ్యంతరం 25 మిల్లీమీటర్లు అనుకుందాం. ఎల్‌ఈడీని పట్టి ఉంచే జిగురు వదులై అది 0.025 మిల్లీమీటర్లు, అంటే తలవెంట్రుక మందంలో మూడో వంతు, పక్కకు జరిగిందనుకుందాం. చుక్క చూపే దిశ వెయ్యిలో ఒక వంతు మారుతుంది. 25 మీటర్ల దూరంలో అది 2.5 సెంటీమీటర్ల తేడా. ఒలింపిక్ 25 మీటర్ల పిస్టల్ పోటీలోని నిదాన దశలో పది పాయింట్ల వలయం వ్యాసం 5 సెంటీమీటర్లు. అంటే సరిగ్గా కేంద్రం నుంచి ఆ వలయం అంచు దాకా గురి జరిగిపోతుంది.

అడుగుభాగం సంగతీ ఇంతే. 40 మిల్లీమీటర్ల పొడవున్న సైట్ అడుగు ఒక చివర 0.05 మిల్లీమీటర్లు, జెరాక్స్ కాగితం మందంలో సగం, పైకి లేచిందంటే 25 మీటర్ల దగ్గర 3 సెంటీమీటర్ల పైచిలుకు తేడా వస్తుంది. సైట్‌కు, స్లైడ్‌కు మధ్య అమర్చే పలక సరిగ్గా కూర్చోకపోయినా ఇదే ఫలితం. అందుకే మంచి ఏర్పాటులో దెబ్బను మరల మీద వదిలేయరు. స్లైడ్ మీద చెక్కిన చిన్న దిమ్మెలు సైట్ అడుగున ఉన్న గుంటల్లో బిగుతుగా కూర్చుని తోపును అవి మోస్తాయి. మరలు కిందికి నొక్కి పట్టడానికే పరిమితమవుతాయి.

పాడయ్యేది ఎక్కడ?

ఎల్‌ఈడీ చాలా గట్టి వస్తువు. తెగిపోయే తీగ చుట్ట గానీ, ఖాళీ గాజు బుడ్డి గానీ అందులో లేవు. చుక్క ఆరిపోయినప్పుడు తప్పు ఎల్‌ఈడీది కావడం అరుదు. బలహీనతలు వేరే చోట ఉంటాయి.

మొదటిది బ్యాటరీ తగిలే చోటు. నాణెం ఆకారంలోని బ్యాటరీని పట్టి ఉంచేది చిన్న స్ప్రింగు రేకు. దెబ్బకు బ్యాటరీ రేకు నుంచి క్షణకాలం విడిపోతే చుక్క ఆరి వెలుగుతుంది. తొలితరం పిస్టల్ సైట్లను బాగా ఇబ్బంది పెట్టిన సమస్య ఇది. బలమైన రేకులు, క్షణకాలం కరెంటు నిలవచేసే ఏర్పాట్లు తర్వాత వచ్చాయి. కొన్ని నమూనాల్లో బ్యాటరీ అడుగున ఉంటుంది. మార్చాలంటే సైట్‌ను విప్పాలి, మళ్లీ బిగించాక గురి సరిచూసుకోవాలి. పక్కనో పైనో మూత ఉన్న నమూనాలు ఖరీదైనా ఆ పని తప్పిస్తాయి.

రెండోది మరలు. వదులైతే తెలియదు. అనుభవం ఉన్నవారు మర తల మీంచి సైట్ మీదకు రంగుతో సన్నని గీత గీస్తారు. మర కదిలితే గీత విరుగుతుంది. రెండు రూపాయల రంగుతో చేసే ఈ తనిఖీకి ఏ ఖరీదైన పరికరమూ సాటి రాదు.

మూడోది అద్దం. పిస్టల్ చేతిలోంచి జారి కాంక్రీటు మీద తలకిందులుగా పడితే మొదట నేలను తాకేది సైట్ పైఅంచే. మెత్తని అల్యూమినియం చట్రం వంగితే గాజు పగులుతుంది. విమానాల్లో వాడే 7075 రకం అల్యూమినియంతో, దెబ్బ గాజు మీదకు కాక పక్కలకు మళ్లేలా మలిచిన చట్రం ధర పెంచుతుంది, గాజును కాపాడుతుంది.

నాలుగోది నీరు, దుమ్ము. చిన్న సైట్లలో చాలావాటికి ఎల్‌ఈడీ బయటికి తెరిచి ఉంటుంది. వాన చినుకో, చెమట చుక్కో, నూలు పోగో ఎల్‌ఈడీ మీద పడితే కాంతి చెదిరిపోతుంది, లేదా అసలే రాదు. దీనికి విరుగుడు ముందూ వెనుకా గాజుతో మూసిన పెట్టె. 2019 ప్రాంతంలో ఎయిమ్‌పాయింట్ తెచ్చిన ఆక్రో ఈ తరహాది. బురద పడినా తుడిచేస్తే చాలు. బదులుగా బరువు, ధర పెరుగుతాయి.

ఎండ, చలి నేర్పిన పాఠం

దెబ్బలు మాత్రమే కాదు, వేడి కూడా గురిని కదిలిస్తుంది. ఒక డిగ్రీ వేడి పెరిగితే అల్యూమినియం వ్యాకోచించేది ఉక్కుకు దాదాపు రెట్టింపు. 40 మిల్లీమీటర్ల అల్యూమినియం సైట్, ఉక్కు స్లైడ్ మీద 40 డిగ్రీల మార్పు చూస్తే రెండింటి మధ్య తేడా 0.018 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇంతకు ముందు చూసిన లెక్కల్లో ఇది చిన్న సంఖ్య కాదు. వేసవిలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటడం సాధారణమే. అదే పరికరం రాత్రికి చల్లబడుతుంది. రోజూ ఈ సాగుడు, ముడుచుకోవడం జిగురును, రబ్బరు వలయాలను అలసిపోయేలా చేస్తాయి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో రైఫిల్ సైట్ల చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. ఈఓటెక్ తయారుచేసే హోలోగ్రాఫిక్ సైట్లు లేజర్, హోలోగ్రాం ఆధారంగా పనిచేస్తాయి. చుక్క పుట్టే తీరు వేరైనా అవసరం ఒకటే. అవి తీవ్రమైన వేడి, చలి, తేమల్లో చెప్పినట్టు పనిచేయవన్న సంగతి దాచి అమ్మారన్న ఆరోపణల మీద, ఆ సంస్థ, దాని మాతృసంస్థ ఎల్-3 కలిసి 2015 నవంబరులో అమెరికా ప్రభుత్వానికి 2.56 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకున్నాయి. వాటిని వాడినవారు సైనికులు, పోలీసులు. దుకాణంలో, చల్లని గదిలో చుక్క చక్కగానే వెలిగింది. తప్పు బయటపడింది వాతావరణం మారినప్పుడు.

అంకెలను ఎలా చదవాలి?

అమ్మకపు పెట్టెల మీద పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి. వాటిని కాస్త విడదీసి చూడాలి.

‘బ్యాటరీ ఆయుష్షు 50,000 గంటలు’ అంటే అయిదేళ్లు దాటి. అబద్ధమేమీ కాదు. సీఆర్2032 బ్యాటరీలో సుమారు 220 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తు ఉంటుంది. దాన్ని 50,000తో భాగిస్తే 4.4 మైక్రో ఆంపియర్లు. మామూలు సూచిక దీపంగా వాడే ఎల్‌ఈడీ తీసుకునే కరెంటులో రెండువేలవ వంతుకు దగ్గర. కాంతి నేరుగా కంటిలోకే వెళుతుంది కాబట్టి అంత తక్కువ సరిపోతుంది. అయితే ఆ అంకె మధ్యస్థ కాంతి స్థాయికి మాత్రమే. మండుటెండలో కనబడేలా కాంతి పెంచితే ఆయుష్షు ఎన్నో రెట్లు పడిపోతుంది. ఏడాదికోసారి, పుట్టినరోజునో ఉగాదికో, బ్యాటరీ మార్చేయడం తెలివైన అలవాటు.

‘మిల్-స్టాండర్డ్-810 పరీక్షలో నెగ్గింది’ అన్నది మరో మాట. అది ఒక పరీక్ష కాదు. వేడి, చలి, తేమ, ఉప్పునీటి మంచు, దుమ్ము, కంపనం, దెబ్బ వంటి అనేక పరీక్షా పద్ధతుల సంకలనం. ఏవి చేయాలో, ఎంత తీవ్రతతో చేయాలో వస్తువును బట్టి ఎంచుకోవాలని అదే చెబుతుంది. కాబట్టి ఏ పరీక్ష, ఎంత తీవ్రత అని అడగకుండా ఆ మాటకు అర్థం లేదు. ‘ఐపీ67’ అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని. అది దుమ్ము, నీటి గురించే చెబుతుంది, దెబ్బల గురించి ఏమీ చెప్పదు.

పనికొచ్చే అంకె స్లైడ్ మీద బిగించి ఎన్ని తూటాలు పేల్చారన్నది. ఆక్రో విషయంలో తయారీదారు .40 రకం తూటాలతో 20,000 సార్లు పేల్చి పరీక్షించామని చెబుతారు. ఇలాంటి అంకెను కూడా ఒక పరికరం సాధించిందా, పదీ సాధించాయా అని అడగాలి. పరీక్ష చివర చుక్క వెలగడమే కాదు, మొదట చూపిన దిశనే చూపిందా అన్నది ముఖ్యం.

అయితే విలువ ఎంత?

విలువను ధరతో కాక వాడకంతో తూచాలి. అమెరికాలో సాధన తూటా ఒకటి సుమారు పావు డాలర్. ఇరవై వేలు పేల్చేవారు తూటాలకే 5,000 డాలర్లు ఖర్చుపెడతారు. దాని పక్కన 500 డాలర్ల సైట్ పదో వంతు. 100 డాలర్ల సైట్ రెండు మూడు వేల తూటాలకే గురి తప్పితే, దాన్ని వెతికి పట్టుకోవడానికి వృథా అయ్యే తూటాలు, సమయం మిగిలిన 400ను తినేస్తాయి. ఏడాదికి రెండు వందలు పేల్చేవారికి లెక్క వేరు. వారి సైట్‌ను చంపేది దెబ్బలు కాదు, ఒరలో నెలల తరబడి పేరుకునే దుమ్ము, మరిచిపోయిన బ్యాటరీ. వారికి మూసిన పెట్టె, తేలిగ్గా మార్చే బ్యాటరీ ఎక్కువ విలువైనవి.

పోలీసు విభాగం లెక్క ఇంకోలా ఉంటుంది. అక్కడ పిస్టల్ వందల రోజులు ఒరలోనే ఉంటుంది. ఒక్క క్షణం పనికి వస్తుంది. ఆ క్షణంలో చుక్క లేకపోతే ఒక ప్రాణం పోవచ్చు. చుక్క తప్పు దిశ చూపితే దారిన పోయేవారి ప్రాణం పోవచ్చు. అందుకే జాగ్రత్తగా కొనే విభాగాలు సైట్‌తోపాటు, చుక్క ఆరిపోయినా అద్దంలోంచి కనిపించేంత ఎత్తైన లోహపు గుర్తులనూ ఉంచుతాయి. శిక్షణకూ డబ్బు కేటాయిస్తాయి. కొత్తవారు పిస్టల్ ఎత్తగానే చుక్క కనబడక అద్దంలో వెతుకుతారు. ఆ అలవాటు కుదరడానికి కొన్ని వందల సార్లు సాధన కావాలి. ఆ ఖర్చు పరికరం ధరలో కనిపించదు.

మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా పిస్టల్ ఉండకూడదు. కాబట్టి ఈ వ్యాసం చదివేవారిలో చాలామందికి ఇది సొంత కొనుగోలు ప్రశ్న కాదు. కానీ భద్రతా బలగాల పరికరాలు కొనేది ప్రజాధనంతోనే. హెల్మెట్ అయినా, ఆసుపత్రిలో రక్తపోటు యంత్రమైనా, పిస్టల్ సైట్ అయినా ప్రశ్న ఒకటే. కొత్తగా ఉన్నప్పుడు ఎంత బాగా పనిచేస్తుందని కాదు. దెబ్బలు తిన్నాక, ఎండా వానా చూశాక, మొదటి రోజు చెప్పిన నిజాన్నే చెబుతుందా అని.

నిజామియాలోని గ్రబ్ దూరదర్శిని గుమ్మటం కింద బరువైన ఇనుప స్తంభం మీద కదలకుండా నిలిచే అవకాశం పొందింది. గ్రబ్ మరో ఆలోచనకు ఆ అదృష్టం లేదు. అది ప్రతి తూటాకూ మూడు దెబ్బలు తింటూ, వెంట్రుకలో మూడో వంతు కూడా కదలకుండా ఉండాలి. ఖరీదైన సైట్‌కు ఎక్కువ చెల్లించేది ఆ కదలకపోవడానికే. అది నిజంగా కదలడం లేదో లేదో, కొన్నాక కూడా అప్పుడప్పుడు కాగితం లక్ష్యం మీద పేల్చి సరిచూసుకోవాల్సిందే.